పిడికెడు బియ్యం, తెల్ల అంగీ, మెదక్ గుడి

క్రిస్మస్‌కు ముందు వారాల్లో మా రుద్రూర్, వర్ని, బోధన్ చుట్టుపక్కల ఏ చర్చికి పోయినా ఒక ప్రసంగం తప్పకుండా వినపడుతుంది. రాజాధిరాజు పశువుల పాకలో పుట్టాడు, పొత్తిగుడ్డల్లో చుట్టి తొట్టిలో పడుకోబెట్టారు, కాబట్టి మనమూ నిరాడంబరంగా బతకాలి అని. చెప్పే పాస్టర్ మంచివాడే. వినేది ఎవరు? బీడీలు చుట్టే ఆడవాళ్ళు, వరి నాట్లకూ చెరుకు కొట్టుడుకూ పోయే కూలీలు, కొడుకును దుబాయికి పంపి ఆ అప్పుకు మిత్తి కడుతున్న తల్లులు. పశువుల పాక వాళ్ళకు ఉపమానం కాదు. వాళ్ళలో కొందరు చిన్నప్పుడు జీతమున్న ఇంట్లో పడుకున్న చోటు అదే.

పోయిన డిసెంబర్‌లో డిగ్రీ రెండో ఏడు చదివే ఒక పిల్లవాడు క్లాసు అయిపోయాక వచ్చి అడిగాడు. "సార్, మమ్ముల సాదాగ బతకుమంటున్నరా, బీదగ బతకుమంటున్నరా?" ఆ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు చెప్పి పంపించవచ్చు. కానీ మన తాతముత్తాతలు ఈ మతంలోకి వచ్చి నూరేళ్ళు దాటింది. ఆ నూరేళ్ళలో ఈ "సాదా బతుకు" అనే మాటను ఎవరు ఎవరికి చెప్పారో, మనవాళ్ళు దాన్ని ఏం చేసుకున్నారో చూడకుండా జవాబు చెప్పడం సరికాదు. అందుకే ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు మూలగ్రంథం దగ్గరికి పోదాం. సువార్తల్లో యేసు "ఉన్నదంతా అమ్మి బీదలకు ఇవ్వు" అన్న అర్థంలో చెప్పింది ఎవరికి? ఆస్తిపరుడైన ఒక యువకుడికి. అతను ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. సగం ఆస్తి ఇచ్చేస్తానన్నది ఎవరు? సుంకం వసూలుదారుల్లో పెద్ద అయిన జక్కయ్య. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని కూడా అన్నాడు. కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకుంటానన్న రైతును వెర్రివాడన్నారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పింది రెండు ఉన్నవాడికి. ధనవంతుడి వాకిట్లో కురుపులతో పడి ఉన్న లాజరుకు మాత్రం ఎవరూ నిరాడంబరత బోధించలేదు. అతన్ని నేరుగా తీసుకుపోయి అబ్రాహాము పక్కన కూర్చోబెట్టారు.

పేద విధవరాలి రెండు కాసుల కథ కానుకల ఆదివారం నాడు మన చర్చిల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మార్కు సువార్త 12వ అధ్యాయం తీసి ఆ కథకు ముందున్న మాటలు కూడా చదవండి. పొడుగు అంగీలు వేసుకుని తిరుగుతూ, సంతల్లో దండాలు పెట్టించుకుంటూ, విధవల ఇళ్ళు మింగేసే శాస్త్రుల మీద యేసు నిప్పులు చెరుగుతాడు. ఆ వెంటనే ఈ విధవరాలు వచ్చి తన బతుకంతా కానుక పెట్టెలో వేస్తుంది. నా మటుకు అది మెచ్చుకోలుగా ఎంత వినిపిస్తుందో, ఫిర్యాదుగా కూడా అంతే వినిపిస్తుంది. ఇల్లు మింగినవాడు ఎవరో చెప్పి, మింగబడిన ఇల్లు ఎవరిదో చూపించినట్టు ఉంటుంది. మన ప్రసంగాలు మొదటి సగం వదిలేసి రెండో సగంతో మొదలవుతాయి.

తర్వాతి చరిత్రలో కూడా సాదా బతుకుకు పేరుపడ్డవాళ్ళు ఎక్కువమంది కలిగిన ఇళ్ళలో పుట్టినవాళ్ళే. మూడో శతాబ్దపు ఈజిప్టులో ఆంతోనీ తండ్రి పొలాలు పంచిపెట్టి ఎడారికి పోయాడు. అస్సీసీ ఫ్రాన్సిస్ బట్టల వ్యాపారి కొడుకు. మనకు ఎక్కువ అవసరమైనవాడు జాన్ వెస్లీ, ఎందుకంటే మన మెదక్, నిజామాబాద్‌లకు వచ్చింది ఆయన పేరున్న మిషనే. వెస్లీ 1703లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్ రోజుల లెక్క ఒకటి ఆయన ప్రసంగాల్లో ఉంది. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చేశాడు ఒక మనిషి. రాబడి 60 అయినప్పుడు కూడా 28తోనే బతికి 32 ఇచ్చాడు. 90 వస్తే 62, 120 వస్తే 92. ఆ మనిషి వెస్లీయే అని అందరికీ తెలుసు. ఈ లెక్కలో నేను పిల్లలకు చూపించేది 28ని. మనిషి గౌరవంగా బతకడానికి ఇంత కావాలని ముందు ఒక గీత గీశాడు. దాని మీద వచ్చింది పంచాడు, దాని కిందికి దిగలేదు. డబ్బు గురించి ఆయన చేసిన పేరుపొందిన ప్రసంగంలో కూడా మొదటి సూత్రం సంపాదించమనే. పొదుపు రెండోది, ఇవ్వడం మూడోది. 28 పౌండ్ల గీతకు ఎప్పుడూ కిందనే ఉన్నవాడికి మూడో సూత్రం నుంచి మొదలుపెట్టి చెప్పడం వెస్లీ బోధ కాదు.

వెస్లియన్ మిషన్ నిజాం రాజ్యంలో సికింద్రాబాద్ నుంచి మొదలై కరీంనగర్, సిద్దిపేట, మెదక్, నిజామాబాద్ వైపు పాకింది. 19వ శతాబ్దం చివర్లో మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్ పేరు మన తాతలు "పాస్నెట్ దొర" అని చెప్పేవాళ్ళు. దొర అన్న మాట ఆయనకూ అంటుకుంది, అది వేరే కథ. చర్చిలోకి వచ్చినవాళ్ళు ఎక్కువగా మాలలు, మాదిగలు. ఊరూరా తిరిగి పాటలూ వాక్యమూ నేర్పింది కూడా ఎక్కువగా మనలోంచి వచ్చిన ఉపదేశులూ బైబిలు స్త్రీలే.

వాళ్ళకు నిరాడంబరత కొత్తగా నేర్పాల్సిన సంగతి కాదు. తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన వాడల్లో అచల గురువులు, తత్వాల పాటలు, రాత్రి భజనలు అప్పటికే ఉన్నాయి. వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడు. తెలంగాణ దళిత తత్వకవి దున్న ఇద్దాసు ఉన్నాడు. దేహం ఒక గూడు, ఆస్తి ఒక భ్రమ అనే మాట మాలవాడకు ఎవరో ఓడలో తెచ్చి ఇవ్వలేదు.

ఒంగోలు కథ దీనికి మంచి సాక్ష్యం. అక్కడి మాదిగల్లో క్రైస్తవ ఉద్యమానికి ఆద్యుడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. క్రైస్తవుడు కాకముందే రాజయోగ సాధన చేసినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేరినవాళ్ళకు పెట్టిన కట్టుబాట్లు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడింటిలో నిరాడంబరత ఎక్కడా లేదు, గమనించండి. పైగా మొదటిది ఊరి పెద్దల గుండెల్లో రాయి పడేలా చేసింది. వెట్టివాడికి సెలవు రోజు ఏమిటి? చచ్చిన గొడ్డు మాంసం మానడమంటే ఆ గొడ్డు చుట్టూ ఉన్న చాకిరీని, చిన్నచూపును కూడా ప్రశ్నించడమే. ఆ పెద్ద కరువులో, 1876-78లో, క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని ఒప్పుకుని జనానికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "బియ్యం క్రైస్తవులు" అని ఈరోజుకీ ఎగతాళి చేసేవాళ్ళకు ఈ తేదీ చెప్పండి.

ఇక మన జిల్లా సంగతి. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోవాలి, తలగుడ్డ తీయాలి, అంగీ తొడుక్కోకూడదు, "బాంచెన్ కాల్మొక్త" అనాలి. గోచీ, భుజాన గొంగడి. దొర దృష్టిలో మాలోడు సాదాగా ఉండటం లోకధర్మం. అలాంటి ఊళ్ళో ఆదివారం పొద్దున ఒక మనిషి ఉతికిన తెల్ల అంగీ తొడుక్కుని, తలకు నూనె రాసుకుని, చేతిలో పుస్తకంతో వాడలోంచి బయటికి వచ్చాడంటే అది ఆడంబరమా? మా ముసలివాళ్ళు చెప్పే మాటల్లో బైబిలు కన్నా ముందు ఆ అంగీయే వస్తుంది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు, వాళ్ళలో ఎంతోమంది క్రైస్తవులు, రవిక తొడుక్కునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే 1859లో రాజు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. 1927 డిసెంబర్‌లో మహద్‌లో అంబేద్కర్ ఆడవాళ్ళతో మాట్లాడుతూ, అంటరానితనాన్ని పట్టించే కట్టూ, ఆ బరువు నగలూ వదలండి, శుభ్రంగా అందరిలాగా చీర కట్టుకోండి అని చెప్పాడు. నగలు తీయమన్నాడు, మంచి బట్ట కట్టమన్నాడు. ఇది నిరాడంబరతా, ఆడంబరమా? కులం మధ్యలో ఉన్నచోట ఆ రెండు మాటలకు నిఘంటువు అర్థం సరిపోదు.

ఇప్పుడు మెదక్ గుడి. బస్సులో పోతుంటే దూరం నుంచే కనపడే ఆ గోపురం 175 అడుగులు. లోపల వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం, కరువు, అంటురోగాలు అన్నీ ఆ పదేళ్ళలోనే. పనికి ఆహారం అన్న పద్ధతిలో ఆకలితో వచ్చిన జనం రాళ్ళు మోశారు. రంగుల అద్దాల కిటికీలు తర్వాత వచ్చాయి: ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో. చార్మినార్ కన్నా ఎత్తు కట్టారని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

సాదా బతుకు బోధించే మతం ఇంత గుడి ఎందుకు కట్టింది అని నా మిత్రుడొకడు, నాస్తికుడు, ప్రతి డిసెంబర్‌లో నన్ను పొడుస్తుంటాడు. అతని ప్రశ్న కొట్టిపారేసేది కాదు. ఆ డబ్బుతో ఎన్ని బావులు తవ్వొచ్చో, ఎన్ని ఎకరాలు కొని భూమి లేనివాళ్ళకు ఇవ్వొచ్చో లెక్క వేయొచ్చు. ఆకలితో ఉన్నవాడికి పని ఇచ్చినప్పుడు ఆ పని ఏమిటో నిర్ణయించే హక్కు అతనికి లేదన్నది కూడా నిజమే. అయినా నా ఓటు ఆ గుడికే వేస్తాను. ఊరి గుడి మెట్టు కూడా ఎక్కనీయని మనిషి, తాను మోసిన రాయితో లేచిన ఆ కప్పు కింద, చలువరాతి నేల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు. ఆ నేల మీద పరిచిన పలకల ఖరీదు అతనికి తెలియదు. దాని మీద కూర్చోవచ్చని మాత్రం తెలిసింది. నిరాడంబరత పేరుతో రేకుల షెడ్డు కట్టి ఉంటే మన మిత్రుడు బహుశా మెచ్చుకునేవాడు. మా నాయనమ్మ ఏటా అంత దూరం పోయేది కాదు.

మిషనరీల సాదా బతుకు గురించి ఒక కఠినమైన మాట చెప్పినవాడు మనవాడే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య, తిరునల్వేలి నాడార్ కుటుంబం నుంచి దోర్నకల్‌కు వచ్చిన మనిషి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలందరి ముందు నిలబడి మాట్లాడాడు. మీరు త్యాగాలు చేస్తారు, ఆస్తులు ఇస్తారు, శరీరాలు కూడా అర్పిస్తారు, అది మేం మరిచిపోం, కానీ మేం అడుగుతున్నది స్నేహం అన్నది ఆయన ప్రసంగ సారం. భారతీయ సహచరుడిని తమ బల్ల దగ్గర భోజనానికి పిలవని మిషనరీల సంగతి ఆ సభలో బయటపెట్టాడు. సభలో చాలామందికి కోపం వచ్చింది. నిరాడంబరత మీద నేను చదివిన వ్యాఖ్యానాల్లో దీన్ని మించింది లేదు. జొన్న గటక తిని, పెంకుటింట్లో ఉండి, ఎద్దుబండిలో తిరిగినా, పక్కన కూర్చుని తినలేనివాడి సాదాతనం ఎవరికి కావాలి?

దీనికి ఎదురు ఉదాహరణ మన ఇంటి పక్కనే ఉంది. డిచ్‌పల్లి ఆస్పత్రి ముందు నుంచి హైదరాబాద్ బస్సులో వందసార్లు పోయి ఉంటారు. స్కాట్లండ్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, ఆమె భర్త పాస్టర్ జార్జ్ కెర్ 1907లో ఈ ప్రాంతానికి వచ్చారు. నిజామాబాద్‌లో ఉంటూ చూసింది ఊరవతల కుప్పలుగా పడి ఉన్న కుష్ఠురోగులను. వాళ్ళ కోసం చిన్నగా మొదలైన పని 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రిగా నిలబడింది. నిజామాబాద్ ధనవంతుడు రాజా నర్సాగౌడ్ విరాళం ఇచ్చాడు. ఒక గౌడ్, ఒక విదేశీ వైద్యురాలు, కులం రోగం రెండూ వెలివేసిన జనం. ఈ జిల్లా చరిత్రలో ఇంత విచిత్రమైన కలయిక ఇంకోటి నాకు కనపడలేదు. చాల్‌మూగ్రా నూనె చికిత్స అక్కడ పెద్ద ఎత్తున చేశారు. ఇసబెల్ సాదాగా బతికిందని మిషన్ పుస్తకాలు పొగుడుతాయి. ఆ పుస్తకాలతో నాకున్న పేచీ ఒకటే, వాటిలో డాక్టర్ పేరు ఉంటుంది, దాత పేరు ఉంటుంది, రోగి పేరు దాదాపు ఎక్కడా ఉండదు. అయినా ఎవరూ ముట్టని చేతిని పట్టుకుని సూది వేయడం, అజరయ్య అడిగిన స్నేహానికి దగ్గరగా వచ్చిన పని.

అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. మాల మాదిగ పల్లెల్లో తిరుగుతూ నాలుగు దయ్యాలను వెళ్ళగొట్టాలనేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. మొదటి రెండింటి దగ్గర నాకు కొంచెం ఇబ్బంది ఉంది, మురికి మన గుణం కాదు, నీళ్ళ బావి దగ్గరికి రానివ్వనివాడి పాపం. కానీ మూడోది చూడండి. నిజాం రాజ్యంలో భగేలా అనే పద్ధతి ఉండేది. కొడుకు పెళ్ళికో కూతురు పెళ్ళికో దొర దగ్గర కొంత అప్పు తీసుకుంటే, ఆ మనిషి అసలు తీరేదాకా దొర ఇంట్లో జీతముండాలి. మిత్తి లెక్క దొర చేతిలో ఉంటుంది కాబట్టి అసలు ఎప్పటికీ తీరదు. తండ్రి తర్వాత కొడుకు. ఆ లెక్కల్లో పెళ్ళికి పెట్టిన ఖర్చు అంటే ఒక పిల్లవాడి ఇరవై ఏళ్ళు. అలాంటి చోట చర్చిలో పదిమంది ముందు ఉంగరం మార్చుకుని, వాడంతా కలిసి వండుకు తిని, అప్పు లేకుండా పెళ్ళి చేయడం అంటే ఒక మనిషిని భగేలాకు పోకుండా ఆపడం. మన క్రైస్తవ నిరాడంబరతకు అసలైన పుట్టుచోటు ఇదని నా అభిప్రాయం. అది ఎడారి మునుల నుంచి రాలేదు, దొర ఖాతా పుస్తకం నుంచి తప్పించుకోవడానికి వచ్చింది. కల్లు మానడం కూడా అంతే. కల్లు పైసలు కూడా ఎక్కడో ఒకచోట అప్పుగానే రాసి ఉండేవి.

పిడికెడు బియ్యం సంగతి మీలో చాలామందికి ఇంట్లో తెలుసు. పూట పూటకూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం చర్చికి తేవడం. దోర్నకల్‌లో అజరయ్య దీన్ని బాగా ప్రోత్సహించాడు, తెలుగు సంఘాలన్నిటా పాకింది. దీంట్లో మనం సాధారణంగా చూడని సంగతి ఒకటుంది. ఊరి లెక్కలో మాల మాదిగలు తీసుకునేవాళ్ళు: మేర, మిగిలిన అన్నం, పాత బట్ట. వాళ్ళు ఇచ్చేవాళ్ళు కూడా అని ఎవరూ అనలేదు. పిడికెడు బియ్యంతో ఆ ఇంటి ఆడమనిషి దాత అయింది. తన పిల్లలకు చదువు చెప్పే ఉపదేశి జీతంలో ఆమె పిడికిలి ఉంది. విదేశీ డబ్బు మీద ఆధారపడొద్దని అజరయ్య అన్నది ఇందుకే.

గాంధీ మాట కూడా ఇక్కడ తేవాలి, ఎందుకంటే నిరాడంబరత అనగానే మన పాఠ్యపుస్తకాలు ఆయన బొమ్మనే పెడతాయి. 1921లో మధురైలో ఆయన గోచీ కట్టాడు. ఆయన విప్పిన అంగీ ఆయనకు ఉండేది. అంబేద్కర్ సూటు వేసుకున్నాడు. 1945లో గాంధీవాదం మీద రాసిన అధ్యాయంలో, సాదా బతుకు అనే ఆదర్శం కష్టజీవిని జీవితాంతం చాకిరీలోనే ఉంచుతుందని, తీరికా సంస్కృతీ కొద్దిమందికే మిగులుతాయని చీల్చి చెప్పాడు. 1936లో జాన్ మాట్ అనే క్రైస్తవ నాయకుడితో మాట్లాడుతూ గాంధీ, ఆవుకు సువార్త చెబుతారా అని అడిగి, అంటరానివాళ్ళలో కొందరి గ్రహింపు ఆవు కన్నా తక్కువే అన్నాడు. ఆ ఏళ్ళలోనే అజరయ్య తన పల్లె సంఘాలతో, మాకు తెలిసే మేం వచ్చాం అనిపిస్తున్నాడు. ఇద్దరివీ నిరాడంబర జీవితాలే. ఒకరికి మన బుద్ధి మీద నమ్మకం ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత తెలుగు క్రైస్తవుల్లో సాదా బతుకు అంటే భక్త్ సింగ్ పేరే. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, విదేశాల్లో ఇంజనీరింగ్ చదివి, క్రైస్తవుడై, మద్రాసులో పని మొదలుపెట్టి, 1950లో హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను స్థాపించాడు. బోధకుడికి జీతం లేదు, కుర్చీలు లేవు. చెప్పులు బయట విడిచి, చాపల మీద అందరూ ఒకటే వరసలో కూర్చోవాలి. ఆరాధన తర్వాత ప్రేమవిందు: డాక్టరూ, రిక్షా తొక్కేవాడూ పక్కపక్కన కూర్చుని ఒకటే అన్నం, ఒకటే కూర. మన వాడల నుంచి అక్కడికి పోయినవాళ్ళు ఇంటికి వచ్చి మొదట చెప్పింది వాక్యం గురించి కాదు, ఎవరి పక్కన కూర్చున్నారో దాని గురించి. అదే ధోరణి పల్లెకు చేరేసరికి తెల్లచీర, నగలు తీసేయడం అనే గుర్తులే ఎక్కువ మిగిలాయి. ఇక్కడ నాకు సందేహం ఉంది. కూలి చేసే ఆడమనిషికి ముక్కుపుడక, నాలుగు గుండ్లు అలంకారం కాదు, కరువు రోజున తాకట్టు పెట్టుకునే బ్యాంకు. అది ఆమె పేరు మీద ఉన్న ఒకే ఒక ఆస్తి. భర్త పేరు మీద ఉన్న మోటారు సైకిల్‌ను ఎవరూ తీయమనలేదు.

వర్ని పేరు చెప్పకుండా ఈ వ్యాసం అయిపోదు. 2016లో మండలం కాకముందు మన రుద్రూర్ వర్ని మండలంలోనే ఉండేది. ఆ వర్నికి ఒక కవి బిడ్డ వచ్చింది. గుర్రం జాషువా 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. సవర్ణులు అంటరానివాడని, క్రైస్తవ పెద్దలు పురాణాలు చదువుతున్నాడని, రెండు వైపులా ఆయన్ను బాధపెట్టారు. "గబ్బిలం" రాశాడు, "క్రీస్తు చరిత్ర" రాశాడు, దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. క్రైస్తవుడు, కాలికి బంగారం! సాదా బతుకు బోధించేవాళ్ళు దీన్ని ఏమంటారో నాకు తెలియదు. ఒక పండితుడు వంగి ఆ కాలును ముట్టుకున్నాడు అన్నదే నాకు కనపడుతుంది. ఆ జాషువా కూతురు హేమలత, గోరా కొడుకు లవణాన్ని పెళ్ళి చేసుకుని, 1980లలో మన వర్నిలో జోగిని స్త్రీల మధ్య పనిచేసింది. మాల మాదిగ ఆడపిల్లలను దేవత పేరుతో ఊరి ఆస్తిగా మార్చే ఆచారం మీద. అక్కడ వాళ్ళు పెట్టిన ఇంటి పేరు చెల్లి నిలయం. ఆ కృషి కూడా కలిసి 1988లో జోగిని, దేవదాసీ దురాచారాలను నిషేధించే చట్టం వచ్చింది. హేమలత నాస్తికుల ఇంటి కోడలు. కానీ క్రైస్తవ నిరాడంబరత మన ప్రాంతంలో ఎలా ఉండాలో చూపించమంటే నేను చూపించేది ఆమెనే. పాపినేని కాదు, పతిత కాదు, ఎదుటి మనిషిని చెల్లీ అని పిలిచింది.

ఇప్పుడు మన ముందున్నది వేరే కాలం. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ శక్కర్‌నగర్‌లో 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు మీద బతికిన వాడలు గల్ఫ్ మీదా బీడీ మీదా పడ్డాయి. టీవీ పెడితే ఒక బోధకుడు కానుక పంపితే కారు వస్తుందంటాడు. చానల్ మారిస్తే ఇంకొకాయన లోకాశలు వద్దు, పోటీ పరీక్షలు వద్దు అంటాడు. మొదటివాడు మన జేబులో చెయ్యి పెడుతున్నాడు, రెండోవాడు మన కాళ్ళకు తాడు కడుతున్నాడు. వీళ్ళిద్దరి మధ్య మన పిల్లవాడు సర్టిఫికెట్‌లో ఏ మతం రాయాలో తెలియక నిలబడ్డాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా తీసేసింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు. మనకు బీసీ-సి కింద ఒక శాతం. ఉద్యోగం, హాస్టల్ సీటు, అట్రాసిటీ కేసు, అన్నీ ఆ ఒక్క గడిలో ఏం రాశాడన్న దాని మీద ఉన్నాయి. అలాంటి పిల్లవాడికి ఆశలు తగ్గించుకోమని చెప్పేవాడు ముందు వెస్లీ 28 పౌండ్లు అతనికి ఉన్నాయో లేదో కనుక్కోవాలి.

మాకు దగ్గర్లో ఒక పల్లె సంఘం ఉంది. అక్కడ కోత పండుగ నాడు సొరకాయలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, కొత్త బియ్యం తెచ్చి బల్ల ముందు పెడతారు. తర్వాత వేలం పాట. నలభై రూపాయల సొరకాయను పట్టుదలకు పోయి ఆరు వందలకు పాడతారు, నవ్వుకుంటారు. మొన్నటి పండుగలో ఒక ముసలామె తను తెచ్చిన కోడిని తనే పాడి గెలుచుకుని, మళ్ళీ చర్చికే ఇచ్చేసింది. దాన్ని రెండోసారి పాడారు. పాట అయిపోయాక సంఘ పెద్ద నిలబడి, పోయిన ఏడాది ఎంత వచ్చింది, దేనికి పోయింది అని కాగితం చూసి చదివాడు. మైకు సెట్టుకు ఇంత, పై ఊరి నుంచి వచ్చిన బోధకుడి కారు కిరాయికి ఇంత, మాదిగవాడలో ఒక అమ్మాయి నర్సింగ్ ఫీజుకు ఇంత. కారు కిరాయి దగ్గర వెనక వరసలోంచి ఒక ఆడమనిషి లేచి, "అయ్యగారు బస్సుల రారాదా?" అని అడిగింది. వచ్చే ఏడాది నుంచి బస్సు చార్జీనే ఇవ్వాలని పుస్తకంలో రాసుకున్నారు.